శ్రమ - నిరీక్షణ : రాయవేలూరు వైద్యశాల చరిత్ర చెప్పు క్రైస్తవ భాష్యము

తెలుగులో "శ్రమ" యనగా సామాన్యముగా పాటుపడుట యని యర్థము. దుక్కి దున్నువానిది శ్రమ. మగ్గము నేయువానిది శ్రమ. తెలుగు క్రైస్తవుల వాడుకలో ఈ పదమునకు మఱియొక యర్థము స్థిరపడినది. వారు బాధను శ్రమ యందురు. క్రీస్తు సిలువపై ననుభవించిన వేదన సిలువశ్రమ. ఈస్టరు పండుగకు ముందు వచ్చు ధ్యానదినములు శ్రమకాలము. రోగము, వియోగము, అవమానము, కఱవు - ఇవన్నియు శ్రమలే. అట్లే "నిరీక్షణ" యను మాట. అది యూరక కోరుట కాదు. వచ్చునని నమ్మిన దానికై వాకిటివైపు చూచుచు నిలిచియుండుట. అపొస్తలుడగు పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికలో శ్రమవలన ఓర్పు, ఓర్పువలన పరీక్షకు నిలిచిన శీలము, దానివలన నిరీక్షణ కలుగునని యొక క్రమమును చూపెను.

ఈ క్రమము నిజమేనా? బాధపడినవారందఱును ఓర్పు గలవా రగుట లేదు. కొందఱు క్రుంగిపోవుదురు, కొందఱు కఠినులగుదురు, కొందఱు తమ బాధను ఇతరులపై తీర్చుకొందురు. కావున శ్రమకును నిరీక్షణకును నడుమ ఏమి జరుగవలెనో విచారింపవలసియున్నది. ఆ విచారమును సిద్ధాంతరీతిని గాక, తెలుగువా రెల్లరు నెఱిగిన యొక స్థలముయొక్క చరిత్రనుండి చేయుట ఈ వ్యాసోద్దేశము. ఆ స్థలము రాయవేలూరు.

వేలూరును మనవారు రాయవేలూరనుటకు కారణము లేకపోలేదు. ఆరవీటి వంశపు రాయలు చంద్రగిరినుండియు వేలూరునుండియు పరిపాలించిరి. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడువరకు చిత్తూరు, చంద్రగిరి ప్రాంతములు ఉత్తరార్కాటు జిల్లాలోనివే. వేలూరు, గుడియాత్తము ప్రాంతములందు తరతరములుగా తెలుగు మాటాడు కుటుంబములు నేటికిని గలవు. చిత్తూరు, నెల్లూరు, అనంతపురము, కడప సీమలలో ఎవరికైన మొండిరోగము వచ్చినయెడల "రాయవేలూరు తీసికొనిపోవుదము" అనుట వాడుక. ఆ మాట చెప్పువారిలో చాలమంది క్రైస్తవులు కారు. అయినను ఆ వైద్యశాల పుట్టుక క్రైస్తవ విశ్వాసమునుండియే. ఆ విశ్వాసము బాధను ఎట్లర్థము చేసికొన్నదో ముగ్గురి జీవితములు మనకు తెలుపును.

ఏల యను ప్రశ్న

కష్టము వచ్చినప్పుడు మానవుని నోట మొదట వెలువడు ప్రశ్న "నాకే యిది ఏల?" యనునది. బైబిలులోని యోబు గ్రంథము ఈ ప్రశ్నయే. యోబు ఆస్తిని, సంతానమును, ఆరోగ్యమును కోల్పోయి బూడిదలో కూర్చుండగా మిత్రులు వచ్చి, నీవేదో పాపము చేసియుందువు, లేకున్న నిట్లు జరుగదని వాదించిరి. గ్రంథాంతమున దేవుడు వారి వాదమునే తప్పుబట్టెను. అయినను యోబు అడిగిన "ఏల"కు నేరుగా బదులు చెప్పలేదు. యోహాను సువార్తయందును ఇట్టి ఘట్టమే కలదు. పుట్టుగ్రుడ్డిని చూచి శిష్యులు, ఇది వీని పాపమా, తలిదండ్రుల పాపమా యని యడిగిరి. యేసు ఈ రెంటిని కాదనెను. గడచిన కారణమునుండి వారి దృష్టిని, ఇక జరుగవలసిన దేవుని కార్యమువైపు త్రిప్పెను.

ఇచట రెండు విషయములు గమనింపదగినవి. మొదటిది, క్రైస్తవ విశ్వాసము బాధను మంచిదనలేదు. లాజరు సమాధి కడ యేసు కన్నీరు విడిచెను. గెత్సేమనే తోటలో, ఆ శ్రమపాత్ర తననుండి తొలగునేని తొలగింపుమని ప్రార్థించెను. బాధను కోరి తెచ్చుకొనుట ఆయన బోధలో లేదు. రెండవది, "ఏల" యను ప్రశ్నకు బదులు "ఇప్పుడేమి చేయవలెను" అను ప్రశ్న ముందుకు వచ్చినది. వేలూరు చరిత్రయంతయు ఈ రెండవ ప్రశ్నకు వచ్చిన సమాధానమే.

ఒక రాత్రి మూడు మరణములు

ఐడా సోఫియా స్కడ్డరుగారు 1870 డిసెంబరు 9వ తేదీన రాణిపేటలో జన్మించిరి. వారి తాతగారు డాక్టరు జాన్ స్కడ్డరు 1819లో అమెరికానుండి బయలుదేరి సింహళమునకు, పిదప మద్రాసునకు వచ్చిన క్రైస్తవ వైద్యులు. తండ్రియు వైద్యులే. ఐడాగారు చిన్నతనముననే 1876-78 నాటి ఘోరక్షామమును కన్నులార చూచిరి. ఆకలితో నలమటించు బిడ్డలను చూచిన యా జ్ఞాపకము వారిని ఈ దేశమునకు ఆకర్షింపలేదు, దూరము చేసినది. చదువుకై అమెరికా వెళ్లినపిదప ఇచటికి మరలి వచ్చి పనిచేయు కోరిక వారికి లేదు. తల్లి జబ్బుపడుటచే, 19వ శతాబ్ది చివరి దశకమున, తిండివనములోని తలిదండ్రుల యింటికి తాత్కాలికముగా వచ్చిరి.

అచట నొక రాత్రి ఒకరి తరువాత నొకరుగా ముగ్గురు పురుషులు వచ్చి తలుపు తట్టిరి. ఒకరు బ్రాహ్మణులు, ఒకరు మహమ్మదీయులు, ఒకరు మఱియొక హిందూ కులమువారు. ముగ్గురి భార్యలును ప్రసవవేదనతో ప్రాణాపాయమున నుండిరి. నాన్నగారు వైద్యులు, వారు వచ్చెదరని ఐడాగారు చెప్పిరి. పరపురుషుడు చూచుటకు వీలులేదని ముగ్గురును బదులిచ్చిరి. ఐడాగారికి వైద్యము తెలియదు. తెల్లవారుసరికి ముగ్గురు స్త్రీలును మరణించిరి.

ఈ సంఘటనను చెప్పునప్పుడు మనము మిక్కిలి జాగ్రత్త వహింపవలెను. ఒక గొప్ప వైద్యశాల వెలయుటకై ఆ ముగ్గురును చనిపోయిరనుట కఠినహృదయుల లెక్క. భార్యను పోగొట్టుకొన్నవాని యెదుట నిలిచి అట్లు చెప్పగలవాడెవడు? ఆ మరణములు మరణములే; వానిలో మంచి లేదు. విశ్వాసము చేసిన పని వేఱు. ఆ మరణములే కడపటి మాటగా నుండరాదని అది పట్టుబట్టినది. ఆ రాత్రియంతయు ప్రార్థనలో గడపిన ఐడాగారు, తెల్లవారిన పిదప వైద్యము చదువ నిశ్చయించుకొనిరి.

1899లో కార్నెల్ విశ్వవిద్యాలయమునుండి వైద్యపట్టము పొంది, 1900లో వేలూరు వచ్చి, ఒక్క మంచముగల చిన్న చికిత్సాలయముతో పని ప్రారంభించిరి. 1902లో నలుబది మంచముల వైద్యశాల వెలసినది. 1909లో నర్సుల శిక్షణ, 1918లో స్త్రీలకు వైద్యపాఠశాల ప్రారంభమైనవి. 1942లో అది పట్టమునకు చదువు చెప్పు కళాశాలయైనది. 1947నుండి పురుషులకును ప్రవేశము కలిగినది. గుడియాత్తము మార్గమున చెట్లక్రింద బండి నిలిపి పల్లెప్రజలకు మందులిచ్చు పద్ధతియు ఐడాగారు పెట్టినదే. 1960 మే 24వ తేదీన కొడైకెనాలులో వారు కన్నుమూసిరి. ఇచట శ్రమ యను పదముయొక్క రెండర్థములు నొకచోట చేరినవి. ఒకరి వేదన మఱియొకరికి జీవితకాలపు పాటైనది.

నొప్పి తెలియని చేయి

రెండవవారు డాక్టరు పాల్ బ్రాండుగారు. వీరు 1914లో సేలము ప్రాంతమునగల కొల్లిమలలో, క్రైస్తవ సేవకులగు ఆంగ్ల దంపతులకు జన్మించిరి. 1946లో శస్త్రవైద్యులుగా వేలూరు వచ్చిరి. మఱుసటి వత్సరము చెంగల్పట్టులోని కుష్ఠు వైద్యశాలను చూడబోయి, కొంకర్లు పోయిన వ్రేళ్లతో నున్న యొక యువకుని చేతిని పట్టుకొని, గట్టిగా అదుమమని చెప్పిరి. ఆ వంకర వ్రేళ్లు వారి చేతిని నొప్పి పుట్టునట్లు పట్టివైచినవి. చచ్చినదనుకొన్న చేతిలో బలముగల కండరములు మిగిలియున్నవని బ్రాండుగారు అప్పుడు గ్రహించిరి. పక్షవాతము సోకని కండరముయొక్క స్నాయువును, అనగా కండరమును ఎముకకు బంధించు త్రాటివంటి దానిని, చచ్చుబడిన వ్రేలికి మళ్లించి కుట్టినయెడల వ్రేలు మరల పనిచేయును. 1948నుండి వేలూరులో ఈ శస్త్రచికిత్సలు సాగినవి. ముడుచుకొనియుండిన చేతులు తెఱచుకొన్నవి, అన్నము కలుపుకొన్నవి, కలము పట్టినవి.

అయినను చికిత్స పొందినవారి చేతులకు మరల పుండ్లు వచ్చుచుండెను. మన పల్లెలలో "పెద్దరోగ"మని పిలుచు నీ వ్యాధిలో మాంసము దానంతటదే క్రుళ్లి రాలిపోవునని లోకుల నమ్మకము. బ్రాండుగారు అట్లు కాదని కనుగొనిరి. ఒకనాడు త్రుప్పుపట్టిన తాళమును తాను తెఱువలేక యుండగా, ఒక రోగియగు బాలుడు అవలీలగా త్రిప్పెను. చూడగా వాని వ్రేలు ఎముకవఱకు తెగి రక్తము కారుచుండెను. వానికి తెలియనే లేదు. మఱికొందఱి వ్రేళ్లు రాత్రికిరాత్రి పొట్టియగుచుండెను. కాపలా కాచి చూడగా, నిద్రించువారి వ్రేళ్లను ఎలుకలు కొఱుకుచుండెనని తేలినది. రోగము నరములను చంపినది, నొప్పి పోయినది, కాపాడు నొప్పి లేకపోవుటచే దేహము దినదినము తననుతాను పాడుచేసికొనుచుండెను. పొయ్యిపై మసలు కుండను వట్టిచేతితో దింపుట, గ్రుచ్చుకొన్న మేకుతోనే నడచుట - ఇట్టివే కారణములు. కుష్ఠురోగము దేవుని శాపమని తరతరములుగా చెప్పుకొనుచున్న దాని వెనుక, నొప్పి యను కావలివాడు లేకపోవుట యను సామాన్య కారణ ముండినది.

ఇచట బ్రాండుగారి యనుభవ మొకటి చెప్పదగినది. ఒకసారి దీర్ఘప్రయాణము చేసి లండను చేరిన రాత్రి, వారు పాదరక్షలు విప్పుచు మడమకు స్పర్శ లేకుండుట గమనించిరి. సూదితో పొడిచి చూచిరి, నొప్పి లేదు. తనకును కుష్ఠురోగము సోకినదని నమ్మి రాత్రియంతయు నిద్రలేక గడపిరి. తెల్లవారిన తరువాత మరల సూదితో పొడువగా చుఱుక్కుమన్నది. రైలులో ఒకేతీరుగా కూర్చుండుటచే నరము నొక్కుకొని తిమ్మిరి యెక్కినదంతే. ఆ నొప్పికై వారు దేవునికి కృతజ్ఞత తెలిపిరి. 1966లో అమెరికాలోని కార్విల్ కుష్ఠు వైద్యశాలకు వెళ్లినపిదప, నొప్పికి మాఱుగా యంత్రమును కల్పింప యత్నించిరి. చేతితొడుగులో ఒత్తిడిని కొలుచు సాధనములమర్చి, అపాయము వచ్చినప్పుడు మ్రోతను, తరువాత విద్యుద్ఘాతమును కలిగించిరి. రోగులు తమకు కావలసిన పని అడ్డుపడినప్పుడు ఆ యంత్రమును ఆపివేయుచుండిరి. నొప్పి మన యిచ్ఛకు లొంగకుండుటయే దాని రక్షణశక్తి యని చివరకు తేలినది.

దీనినుండి, బాధలన్నియు వరములే యని తీర్మానించుట తప్పు. కాన్సరు రోగి మాసముల తరబడి పడు వేదన ఏ యపాయమును చెప్పి కాపాడుటలేదు. దానిని తగ్గించుటయే వైద్యుని ధర్మము. బ్రాండుగారును జీవితమంతయు బాధ తగ్గించుటకే పనిచేసిరి. వారి పరిశోధన చెప్పు సత్యము మఱియొకటి. పౌలు కొరింథీయులకు వ్రాయుచు సంఘమును దేహముతో పోల్చి, ఒక యవయవము బాధపడిన తక్కిన యవయవములన్నియు దానితో బాధపడునని చెప్పెను. నొప్పి తెలియని చేయి దేహమునకు చెందియు చెందనిదే. కుష్ఠురోగిని ఊరిబయట నుంచిన గ్రామము అట్టి చేయి. వాని బాధ గ్రామమునకు తెలియదు. తెలియనందున గ్రామమునకే నష్టము. తోటివాని బాధ మనకు నొప్పిగా తెలియుట ఆరోగ్యలక్షణము. శ్రమనుండి నిరీక్షణకు పోవు మార్గములో ఇది మొదటి మెట్టు.

ఈ మెట్టు తెలుగుదేశముననును ఎక్కినవారున్నారు. నిజామాబాదు సమీపమునగల డిచ్‌పల్లిలో డాక్టరు ఇసబెల్ కెర్ అను క్రైస్తవ వైద్యురాలును, ఆమె భర్తయు 1915లో కుష్ఠు చికిత్సాలయమును స్థాపించిరి. అందులకు ధనమిచ్చినవారు రాజా నర్సాగౌడుగారు, హిందువులు. బాధకు మతము లేదు. బాధను చూచి కదలిన హృదయమునకును లేదు.

చక్రముల కుర్చీలో శస్త్రవైద్యురాలు

ఐడాగారు ఇతరుల శ్రమను చూచినవారు. బ్రాండుగారు దానిని పరిశోధించినవారు. మూడవవారగు డాక్టరు మేరీ వర్గీసుగారు దానిని తమ దేహముననే మోసినవారు. 1925లో కేరళమున జన్మించి, వేలూరులో వైద్యము చదివి, అచటనే పనిచేయుచుండిరి. 1954 జనవరిలో తోటి వైద్యులతో వనభోజనమునకు పోవుచుండగా వారి బండి బోల్తాపడినది. ముఖమునకు లోతైన గాయమైనది. వెన్నుపాము దెబ్బతిని నడుము క్రింది భాగము చచ్చుబడినది. వయస్సు ముప్పదికి లోపు. ఇక నడువలేరు.

మేరీగారి ప్రార్థన ఆరంభమున స్వస్థతకొఱకే. అది సహజము. పౌలును తన దేహములోని ముల్లును తీసివేయుమని ముమ్మారు ప్రార్థించెను, ముల్లు పోలేదు. మేరీగారి కాళ్లును రాలేదు. ఇట్టివేళ "నీ విశ్వాసము చాలనందున బాగుకాలేదు" అని చెప్పువారు నేడును మనలో గలరు. వారు యోబు మిత్రుల వారసులు. వేలూరులో మేరీగారికి సాయపడినవారు అట్లనలేదు. కూర్చుండి చేయదగిన శస్త్రచికిత్స ఏదియని బ్రాండుగారు ఆలోచించిరి. కుష్ఠురోగుల చేతులకు చేయు చికిత్స అట్టిది, దానికి నిలువనక్కఱలేదు. మేరీగారు చక్రముల కుర్చీలో కూర్చుండియే ఆ చికిత్సలు నేర్చి చేయనారంభించిరి.

లోకముచే త్రోయబడి, తనకు మంచిరోజులు లేవని నమ్మిన రోగి, తన చేతిని బాగుచేయు వైద్యురాలు నడువలేనిదని కన్నులార చూచెను. ఏ యుపదేశమును చేయలేని పనిని ఆ దృశ్యము చేసినది. దెబ్బతిన్న దేహముతోను పనికివచ్చు జీవితము గడపవచ్చునని వానికి రుజువు దొరకినది. పిదప మేరీగారు ఆస్ట్రేలియాలోని పెర్తులోను, అమెరికాలోని న్యూయార్కులోను శిక్షణ పొంది వచ్చి, అంగవైకల్యము గలవారిని తిరిగి జీవనోపాధికి సిద్ధముచేయు శాఖను వేలూరులో నడిపిరి. వేలూరునకు చేరువ బాగాయములో 1966లో దానికి ప్రత్యేకముగా ఒక సంస్థ వెలసినది. వెన్నుపాము దెబ్బతిన్నవారిని అచటనే యుంచుకొని మంచమునుండి కుర్చీకి, కుర్చీనుండి పనికి చేర్చు నట్టి సంస్థలలో అది మనదేశమున తొలిది. 1972లో భారతప్రభుత్వము వారికి పద్మశ్రీ బిరుదమిచ్చినది. 1986లో వారు మరణించిరి. కాళ్లు కడవఱకు రాలేదు.

గాయములు గల పునరుత్థానము

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. శ్రమకును నిరీక్షణకును నడుమ ఏమి జరిగినది? మూడు జీవితములందును ఒక్కటియే జరిగినది: బాధ ఒంటరిగా విడువబడలేదు. తిండివనములోని మరణములను ఒక యువతి తన ప్రశ్నగా స్వీకరించెను. అందఱును విడిచిన చేతిని ఒక వైద్యుడు తన చేతిలోనికి తీసికొనెను. చచ్చుబడిన కాళ్లు గల స్త్రీకి మిత్రులు పని చూపిరి. ఆమె ఆ పనిని ఇతరులకు పంచిరి. బాధ పంచుకొనబడిన చోట ఓర్పు పుట్టినది. ఓర్పు పనియైన చోట నిరీక్షణ పుట్టినది.

దీనికి మూలము క్రైస్తవులకు సిలువయే. దేవుడు మానవుని బాధను దూరమునుండి వివరింపక, దానిలోనికి తానే వచ్చెనని వారి విశ్వాసము. పునరుత్థానుడైన క్రీస్తు శిష్యులకు కనబడినప్పుడు, ఆయన చేతులలో మేకుల గాయములు మాసిపోలేదని సువార్త చెప్పుచున్నది. సందేహించిన తోమాకు ఆయన ఆ గాయములనే చూపెను. మరణమును జయించిన దేహముననును గాయములుండుట చిన్న విషయము కాదు. నిరీక్షణ యనగా జరిగినది జరుగనట్లు మఱచుట కాదనియు, గాయమే గుర్తింపునకు, ప్రేమకు గుర్తుగా మాఱుననియు దాని తాత్పర్యము.

కుష్ఠువ్యాధికి నేడు పలు మందులు కలిపి యిచ్చు చికిత్సచే సంపూర్ణ నివారణ కలదు. 1981లో ప్రపంచారోగ్యసంస్థ దీనిని సిఫారసు చేసినది. 2005లో ఈ వ్యాధి పదివేల జనాభాకు ఒకరికంటె తక్కువకు దిగినదని భారతప్రభుత్వము ప్రకటించినది. అయినను ప్రతివత్సరము క్రొత్త రోగులు కనబడుచునే యున్నారు. మచ్చను దాచి చికిత్స ఆలస్యము చేసికొని, చేతులు కాళ్లు పోగొట్టుకొనుచున్నవారును గలరు. దాచుటకు కారణము రోగము కాదు, రోగిని చూచు మన చూపు.

కావున రోగి మంచము కడకు పోవు మనకు ఈ చరిత్ర ఒక నియమము నేర్పుచున్నది. ఇతరుని బాధకు అర్థము చెప్పు నధికారము మనకు లేదు. అది నీ కర్మయనియు, పాపఫలమనియు, దేవుని పరీక్షయనియు, దీనివలన మేలే జరుగుననియు చెప్పుట సులభము. వినువానికి అవి ఱాళ్లు. అర్థము కనుగొనవలసినవాడు బాధపడువాడే. అదియు తన కాలమున, తన రీతిని. మనము చేయగలది అంతవఱకు వానిని ఒంటరిగా విడువకుండుట. మందు తెచ్చుట, ప్రక్కన కూర్చుండుట, చేయదగిన పనిని చూపుట, ఎవరును ముట్టని చేతిని పట్టుకొనుట - ఇవి మన వంతు శ్రమ. ఆ శ్రమ చేసినచోట నిరీక్షణ ఆలస్యముగనైనను వచ్చునని రాయవేలూరు సాక్ష్యమిచ్చుచున్నది.